రాత్రి తొమ్మిదికి పోయే నెట్: సాగర్ రోడ్డు పొలంలో ఏడు కిలోమీటర్ల లింకు

నాగార్జునసాగర్ రోడ్డు వైపు పొలంలో ఉన్న ఒక ఇంటికి, ఏడు కిలోమీటర్ల అవతలి నుంచి ఎదురెదురు డిష్‌లతో గాలిలో ఇంటర్నెట్ తెచ్చే లింకు కట్టాను. రోజూ రాత్రి తొమ్మిదికి అటూ ఇటూగా అది పడిపోయేది. మళ్లీ పొద్దున ఎనిమిదిన్నరకి దానంతటదే లేచేది. మలక్‌పేటలో నా గదిలో నాలుగు రోజుల లాగ్ (లింకు ఎప్పుడు పడిందో రాసే పట్టీ) ముందేసుకుని చూస్తే 8:58, 9:05, 9:12, 9:03 అని వరసగా ఉన్నాయి. ఈ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను కదా, ఆ అనుభవమే నన్ను తప్పుదారి పట్టించింది. సాయంత్రం అందరూ వాడతారు, పక్కవాళ్ల రేడియోలు, అంటే డిష్‌తో సిగ్నల్ పంపి అందుకునే పెట్టెలు, మన ఛానెల్ (వాడే ఫ్రీక్వెన్సీ) మీద పడుతున్నాయి అనుకుని రెండు రాత్రులు ఛానెళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. మూడో రోజు పొద్దున అవతలి చివర రేడియో సెట్టింగుల పేజీ తెరిస్తే, అది ఆన్ అయి ఎంతసేపైందో మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అక్కడ 41 నిమిషాలు అని కనబడింది. సిగ్నల్ పోవడం కాదు, రాత్రంతా ఆ పెట్టెకి కరెంటే లేదు.

ఇక మొదటి నుంచి చెబుతా.

మన క్లయింటు గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేసే కుర్రాడు, నేను తమ్ముడు అనే పిలుస్తాను. వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చాక భార్యాపిల్లల్ని తీసుకుని ఊరికి మారిపోయాడు. ఊరంటే మరీ దూరం కాదు, ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం, యాచారం దాటాక కుడిచేతి వైపు లోపలికి. ఔటర్ రింగురోడ్డు దాటిన గంటలోపే చేరతాం. కంపెనీ ఇంటి నుంచి పనికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా అమెరికా టీముతో కాల్స్‌లో ఉండాలి, మధ్యలో మాయమైతే కుదరదు. ఫోన్లో అతను నన్ను అడిగిన మొదటి మాట "అన్నా, వంద ఎంబీపీఎస్ వస్తదా?" అని. అందరూ అదే అడుగుతారు. వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు తమ్ముడూ, నాలుగు గంటల్లో ఎన్నిసార్లు తెగితే నీ ఉద్యోగం మీదకి వస్తుందో అది చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి "రెండుసార్లు" అన్నాడు. ఆ రెండు నేను డైరీలో రాసుకున్నాను, మిగతా పనంతా దాని చుట్టూ తిరిగిందే.

ఫిబ్రవరిలో మొదటిసారి వెళ్లినప్పుడు ఉన్న దారులన్నీ చూశాం. మొబైల్ నెట్ అప్పటికే వాడుతున్నాడు. డాబా ఎక్కి కొలిస్తే 4జీ సిగ్నల్ మైనస్ 108 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం; హెచ్చుతగ్గుల్ని డీబీల్లో చెబుతారు) దగ్గర ఆడుతోంది, అది కొనప్రాణంతో ఉన్నట్టు లెక్క. రాత్రి పదకొండు దాటాక 30 ఎంబీపీఎస్ వచ్చేది, అదే ఎనిమిదింటికి ఒకటిన్నర. టవర్ ఒక్కటి, దాని మీద ఆధారపడిన ఊళ్లు నాలుగు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు దేవుడే దిక్కు. ఇలాంటి చోట యాంటెన్నా పెద్దది పెడితే సిగ్నల్ గీతలు పెరుగుతాయి తప్ప రద్దీ తగ్గదు. చాలామంది ఇక్కడే డబ్బులు పోసుకుంటారు.

శాటిలైట్ సంగతి. పాతకాలపు పద్ధతిలో ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది. మన మాట పైకెళ్లి కిందికి దిగి, అవతలి జవాబు మళ్లీ పైకెళ్లి మన దగ్గరికి దిగాలంటే ఆ దూరాన్ని నాలుగుసార్లు దాటాలి, కాంతివేగంతో పోయినా దాదాపు అర సెకను. కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, "మీరు చెప్పండి, లేదు మీరు చెప్పండి" అనుకోవడమే సరిపోతుంది. 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేవాటితో ఆ బాధ లేదు గానీ మేం పని మొదలుపెట్టేనాటికి అది మా చేతికందే సరుకు కాదు.

ఫైబర్ వస్తే అన్నిటికన్నా మంచిది, అందులో వాదన లేదు. ఊళ్లకి ఫైబర్ తెచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ 2011లో వేరే పేరుతో మొదలైనప్పుడు పెట్టుకున్న గురి గ్రామ పంచాయతీ. మన దగ్గర మిషన్ భగీరథ నీళ్ల పైపుల వెంబడే ఫైబర్ గొట్టాలు వేశారు, పక్కన ఆంధ్రాలో కరెంటు స్తంభాల మీద తీగ లాగారు. ఏ పద్ధతైనా ముందు ఊరు చేరాలి, తర్వాతే ఇల్లు. మనవాడి ఇల్లేమో ఊళ్లో కాదు, పొలంలో ఉంది, ఊరికి కిలోమీటరున్నర. లోకల్ ఆపరేటర్‌ని అడిగితే లాగుతానన్నాడు గానీ మధ్యలో ఇద్దరి పొలాలు దాటాలి, అందులో ఒకాయనతో వీళ్లకి పదిహేనేళ్ల గెట్టు పంచాయితీ నడుస్తోంది. స్తంభం పాతడానికి గుంత తవ్వితే ఆ గుంతలో నన్నే పూడ్చేలా ఉన్నారు.

చివరికి మిగిలింది రేడియో లింకు. మండల కేంద్రంలో ఇంటింటికీ ఫైబర్ దొరుకుతుంది. అక్కడ ఎవరిదైనా డాబా మీద కనెక్షన్ తీసుకుని, ఒక డిష్ అక్కడ, ఒకటి ఇక్కడ ఎదురెదురుగా పెట్టి గాలిలో తేవడం. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని 2018లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు, అయితే పవర్‌కి హద్దుంది. మేం వాడిన 5725-5875 మెగాహెర్ట్జ్ భాగంలో డిష్ బలంతో కలిపి 36 డీబీఎం దాటకూడదు. లెక్క చూడండి: దూరం 7 కిలోమీటర్లు, గాలిలో నష్టం సుమారు 125 డీబీ, ఇటువైపు డిష్ 25 డీబీ తిరిగి తెస్తుంది. 36 లోంచి 125 తీసేసి 25 కలిపితే మైనస్ 64. మార్చిలో కట్టాక నాకు చూపించింది మైనస్ 66. కాగితం మీద లెక్కకి రెండు డీబీ తేడా అంటే బిగింపు బాగా కుదిరినట్టే, ఆ సాయంత్రం సంతోషంగా మాల్ అనే ఊళ్లో ఆగి చాయ్ తాగి వచ్చాను. తర్వాత ఐదు నెలలు నా బండికి ఆ రోడ్డు అలవాటైపోయింది.

అటువైపు డాబా ఒక ఎరువుల దుకాణం వాళ్లది. రెండంతస్తులు, మంచి ఎత్తు. యజమానిని అక్కడందరూ సేటు అంటారు. నెలకి కొంత అద్దె, కరెంటుకి విడిగా ఇస్తామని మాట్లాడుకున్నాం. నేను అడిగాను కూడా, "సేటూ, కరెంటు ఎట్లుంటది ఇక్కడ?" అని. "ఫుల్లు ఉంటది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం.

ఆ 41 నిమిషాల సంగతి బయటపడ్డాక వెళ్లి అడిగితే ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "దుకాణం బంద్ జేసేటప్పుడు మెయిన్ దించి పోత. మా నాయన కాడి నుంచి గంతే. ముందటి బట్టల దుకాణం రాత్రి పూట షార్ట్ అయ్యి బుగ్గి అయింది, నీకెరుకనా?" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే, లోపల గోదాములో ఎరువుల బస్తాలు. రాత్రంతా మెయిన్ ఉంచమని నేను అడగలేను, అడిగినా వారం ఉంచి ఎనిమిదో రోజు చెయ్యి అలవాటు కొద్దీ దించేస్తాడు. కాబట్టి ఆయన దించుతాడనే లెక్కతోనే అమరిక ఉండాలి.

రేడియో, ఫైబర్ పెట్టె, రౌటర్ మూడూ కలిపి 20 వాట్లు తింటాయి. రాత్రి పదకొండున్నర గంటలకి 230 వాట్ అవర్లు. వీధిదీపాల సోలార్‌కి వాడే 12.8 వోల్టుల 42 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 537 ఉంటాయి, మామూలు రాత్రికి రెండింతల పైనే. కానీ ఆదివారం దుకాణం సెలవు. శనివారం రాత్రి తొమ్మిది నుంచి సోమవారం పొద్దున దాకా ముప్పై ఐదున్నర గంటలు, 710 వాట్ అవర్లు, అంటే బ్యాటరీ ఆదివారం అర్ధరాత్రికే చేతులెత్తేస్తుంది. అందుకని పక్కన వంద వాట్ల సోలార్ పలక ఒకటి పెట్టాను, ఎండ ఉన్న రోజు నాలుగు వందల దాకా ఇస్తుంది. రేడియోకి 24 వోల్టులు కావాలి, బ్యాటరీది 12, దానికి కోఠి గుజరాతీ గల్లీలో వోల్టేజీ పెంచే చిన్న బూస్ట్ కన్వర్టర్ దొరికింది. ఇన్వర్టర్ పెట్టి 230 చేసి మళ్లీ అడాప్టర్‌తో 12 చేసుకోవడం దండగ, అటు మార్చి ఇటు మార్చడంలోనే బ్యాటరీ ఖర్చైపోతుంది. ఈ పెట్టె పెట్టాక తొమ్మిది గంటల జబ్బు పోయింది.

ఇటువైపు ఇంట్లో వేరే రకం. అక్కడ కరెంటు పోదు, ఊగుతుంది. చుట్టుపక్కల మోటార్లు ఒక్కసారి మొదలైతే వోల్టేజీ 170కి పడి, ఆగితే 250కి లేస్తుంది. మనిషి కంటికి ట్యూబ్‌లైటు ఒక్కసారి ఆరి వెలిగినట్టే, రౌటర్‌కి మాత్రం అది చచ్చి బతకడం. మళ్లీ నిలబడటానికి రెండు మూడు నిమిషాలు. రోజుకి ఆరేడు సార్లు అలా జరిగితే అతను చెప్పిన "రెండుసార్లు" ఎప్పుడో దాటిపోయింది. అరచేతిలో పట్టే 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ ఒకటి, దాని ముందు ఒక స్టెబిలైజర్. మొత్తం ప్రాజెక్టులో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, నిజానికి ఏ కనెక్షన్ ఉన్నవాళ్లయినా ముందు ఇది కొనుక్కోవాలి.

ఏప్రిల్లో గాలివాన. పిడుగు ఎక్కడో దూరంగా పడింది, అయినా రేడియోకీ రౌటర్‌కీ కేబుల్ గుచ్చే పోర్టులు రెండూ పోయాయి. తప్పు నాదే. డాబా నుంచి కిందికి మామూలు సీసీ కెమెరా కేబుల్ వేశాను, తొందరలో బండిలో అదే ఉంది మరి. రాగి పూసిన అల్యూమినియం సరుకు, పైన రేకు కవచం లేదు, ఎర్తింగ్ లేదు. రెండు వైపులా డిష్ బిగించిన పైపులకి ఎర్తింగ్ గుంతలు తీయించి, ఉప్పూ బొగ్గూ వేసి, కవచం ఉన్న నల్ల కేబుల్ మార్చి, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్లు (వోల్టేజీ ఒక్కసారి ఎగసిపడితే అడ్డుకునేవి) పెట్టాను. ఆ రెండు పోర్టుల ఖర్చు నేనే భరించాను.

కోతుల గురించి కూడా రాయాలి, సిటీ వాళ్లకి నవ్వొస్తుంది గానీ. మొదటి నెలలోనే ఒక గుంపు వచ్చి డిష్ పట్టుకుని ఊగితే మూడు డిగ్రీలు తిరిగిపోయింది, ఏడు కిలోమీటర్ల దగ్గర మూడు డిగ్రీలంటే మూడొందల అరవై మీటర్ల పక్కకి చూస్తున్నట్టు. పెద్దాయన మంచం మీద నుంచే ఉపాయం చెప్పాడు: "తుమ్మకంప గట్టు బిడ్డా." పైపు చుట్టూ మనిషెత్తు తుమ్మకంప కట్టాం. మళ్లీ ఎక్కలేదు. మొదటి రోజు ఈయనే నన్ను "ఏంది బిడ్డా, గిన్నె బోర్లిచ్చి గట్టినవ్?" అని అడిగాడు.

ఇక అసలు దెబ్బ జూన్ చివర్లో తగిలింది.

తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, మబ్బు పట్టినా నెట్ పోతుంది" అన్నాడు. లాగ్ చూస్తే మార్చిలో మైనస్ 66, మేలో 67, జూన్ నెలాఖరుకి 74, జులైలో వాన పడ్డ రోజు 81. వాన వల్ల అనుకోవడం తేలిక, కానీ ఈ ఫ్రీక్వెన్సీలో ఏడు కిలోమీటర్లకి గట్టి వానైనా మామూలుగా రెండు మూడు డీబీకి మించి తినదు. పదిహేను ఎక్కడికి పోయింది? వెళ్లి డాబా ఎక్కాను. ఇంటికి నాలుగు వందల మీటర్ల దూరంలో గట్టు వెంబడి టేకు చెట్ల వరస. మార్చిలో నేను సర్వే చేసినప్పుడు అవి మోడులు, ఒక్క ఆకు లేదు, వాటి సందుల్లోంచి గుట్ట పక్కగా మండల కేంద్రం వైపు వాటర్ ట్యాంకు కనబడింది కూడా, దారి ఖాళీ అని రాసుకున్నాను. జులైలో ఒక్కో ఆకు విస్తరాకంత, పైగా తడిసి ఉంది. రేడియో తరంగాలకి తడి ఆకు అంటే నీళ్ల పరదా కిందే లెక్క.

ఇందులో నా తప్పు రెండు రకాలు. కంటికి కనబడితే చాలు అనుకోవడం ఒకటి. రేడియో దారి తాడులా ఉండదు, మధ్యలో ఉబ్బిన దోసకాయలా ఉంటుంది, ఫ్రెనెల్ జోన్ అంటారు. మన లింకుకి నడిమధ్య దాని వ్యాసార్ధం తొమ్మిదిన్నర మీటర్లు, ఆ టేకు దగ్గర నాలుగున్నర దాకా. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. మోడులున్నప్పుడు కూడా నేను అంచు మీదే ఉన్నాను. రెండోది, ఎండాకాలం ముందు సర్వే చేసి ఏడాది మొత్తానికి సంతకం పెట్టడం. పల్లెటూళ్లో పుట్టి పెరిగినవాణ్ని, టేకు ఎప్పుడు ఆకు రాలుస్తుందో నాకు తెలియకనా? మీటరు చేతిలో ఉంటే కళ్లు పనిచేయవు, అంతే.

పైపు ఇంకో మూడు మీటర్లు లేపడం మొదటి ఆలోచన. కానీ టేకు ఏటేటా పెరుగుతుంది, పైపు పెరగదు. చెట్లు కొట్టిద్దామా అంటే అవి గెట్టు పంచాయితీ ఆయనవి, ఆ మాట ఎత్తలేదు. పొలానికి తూర్పు మూలన డ్రిప్పు కోసం కట్టిన నీళ్ల ట్యాంకు ఉంది, స్తంభాల మీద. అక్కణ్ణుంచి చూస్తే దారి వరి మళ్ల మీదుగా పోతుంది, టేకు పక్కకి ఉండిపోతుంది. చేత్తో డిష్ పట్టుకుని కొలిస్తే మైనస్ 67. బిగించాక 65. జులై నెల, నిండుగా ఆకులు, అదీ ముసురులో.

ట్యాంకు నుంచి ఇల్లు 120 మీటర్లు. మామూలు నెట్‌వర్క్ కేబుల్ వంద దాటితే పనికిరాదు. ఇక్కడ ఫైబర్ వేశాను, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ సిగ్నల్‌ని మామూలు కేబుల్‌కి మార్చే పెట్టెలు). దూరం కోసం మొదలుపెట్టాను గానీ అసలు లాభం వేరే ఉంది: గాజు తీగలో కరెంటు పారదు, ట్యాంకు మీద పిడుగు ప్రభావం పడినా ఇంట్లోకి రాదు. కొత్త గొట్టం కొనకుండా షెడ్డులో పడున్న పాత బోరు పైపు చుట్టలోంచి దూర్చి పాతిపెట్టాం, పందికొక్కులు ఆ పైపుని కొరకలేవు. ట్యాంకు దగ్గర రేడియోకి మోటారు షెడ్డు కరెంటు, అదే మోస్తరు చిన్న బ్యాటరీ.

తర్వాత మిగిలినవి సర్దుబాట్లు. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ నుంచి 40కి, చివరికి 20కి తెచ్చాను. సగం చేసిన ప్రతిసారీ రేడియోకి వినబడే గోల (నాయిస్) మూడు డీబీ తగ్గుతుంది, పక్కవాళ్ల రేడియోలని తప్పించుకునే చోటు కూడా దొరుకుతుంది. దీంతో స్పీడ్ 60 దగ్గర ఆగింది. "వంద ప్లానుకి డబ్బులు కడుతున్నాం కదన్నా" అని తమ్ముడు కొంచెం గునిశాడు. వాళ్లావిడే "నాకు ఆగకపోతే చాలు" అని తేల్చేసింది.

ఒక విషయం మాత్రం నేను కనిపెట్టింది కాదు, అతనే గమనించాడు. పశువుల కొట్టం దగ్గర రెండు కెమెరాలు క్లౌడ్‌లోకి పంపుతున్నాయి. అవి అప్‌లోడ్ మొత్తం ఆక్రమించినప్పుడు స్పీడ్ టెస్ట్ బాగానే ఉంటుంది, కాల్‌లో మాట మాత్రం నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. రౌటర్‌లో డేటా వరస (క్యూ) సర్దే సెట్టింగ్ పెట్టి, లింకు ఇవ్వగలిగే దానిలో 85 శాతానికి హద్దు వేశాం. పింగ్ (అవతలికి వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) 400 మిల్లీసెకన్ల నుంచి 30 లోపు దిగింది. పాత 4జీ సిమ్ పారేయలేదు. రెండు బయటి అడ్రసులకి పింగ్ ఆగితే పదిహేను సెకన్లలో దానికి మారుతుంది. మండల కేంద్రంలో జేసీబీ ఫైబర్ తెంపిన రోజు రెండు గంటలు దాని మీదే నడిచింది, వీడియో ఆపి మాటతో సరిపెట్టుకున్నాడు.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాయంత్రం కాల్స్ వేళల్లో మొత్తం ఆగింది, ఆ జేసీబీ రెండు గంటలు కాక, 41 నిమిషాలు. మళ్లీ అదే అంకె, ఏం చేస్తాం. ఏ ఒక్క రోజూ రెండుసార్లు తెగలేదు.

ఇది చూసి ఊళ్లోంచి నలుగురైదుగురు వచ్చారు, "మాకూ ఓ వైరు ఇయ్యి, నెలకింత ఇస్తం" అని. కుదరదని చెప్పాను. లైసెన్సు లేకుండా ఇంటర్నెట్ అమ్మకూడదు, రేడియోకి లైసెన్సు అక్కర్లేదంటే అమ్మకానికి అక్కర్లేదని కాదు. 2020లో వచ్చిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం కింద కొట్టు ముందు వైఫై పెట్టుకునే వీలుంది, కిరాణా ఆయనకి ఆ దారి చెప్పాను. మా కనెక్షన్ కూడా డాబా మీద నుంచి ఇలా వాడుకుంటామని ఆపరేటర్‌కి ముందే చెప్పి తీసుకున్నదే, దొంగచాటు పని కాదు.

ఖర్చు: రేడియోల జత 16 వేలు, సేటు డాబా మీద బ్యాటరీ, పలక, పెట్టె కలిపి 15 వేలు, పైపులూ తీగలూ ఎర్తింగ్ 12 వేలు, ఇంటి వైపు యూపీఎస్‌లు, కన్వర్టర్లు, ఫైబర్, రౌటర్ మరో 14 వేలు. మొత్తం 57 వేలు, నా కూలీ కాకుండా. అందులో గాలిలో సిగ్నల్‌కి పెట్టింది 16 వేలే. తొమ్మిది గంటలకి దించే మెయిన్, మోటార్ల ఊగులాట, పిడుగులు, వీటికే మిగతాదంతా.

ఇంకో పని మిగిలుంది. వేసవి ముదిరేలోపు రెండు ఎర్తింగ్ గుంతల్లో నీళ్లు పోయాలి, ఎండిపోతే అవి ఉన్నా లేనట్టే. పొలం వైపుది తమ్ముడు చూసుకుంటాడు. సేటు వైపుది అడిగితే, దుకాణం తెరిచినప్పుడు ఎట్లాగూ ముందర నీళ్లు చల్లుతా, ఇంకో చెంబు అటు పోస్తా అన్నాడు.